టేబుల్ బుకింగ్, బిల్లు చెల్లింపు యాప్‌ను ఎలా డిజైన్ చేయాలి: రెస్టారెంటు హాల్లోంచి మొదలుపెట్టి

రెస్టారెంటు యాప్ చేద్దామనుకున్న వాళ్లలో చాలామంది మొదట ఫిగ్మా (స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్) తెరిచి, మంచి బిర్యానీ ఫొటో ఒకటి పెట్టి హోమ్ స్క్రీన్ గీయడం మొదలుపెడతారు. ఆ పని నాలుగో అడుగు దాకా ఆపండి. ఈ యాప్ తినడానికి వచ్చేవాళ్లకు ఇచ్చే మాటలు రెండే. మీరు వచ్చేసరికి టేబుల్ ఉంటుంది. మీరు కట్టిన డబ్బుకు లెక్క ఉంటుంది. ఈ రెండూ నిలబడితే స్క్రీన్ కాస్త సాదాగా ఉన్నా జనం మళ్లీ వాడతారు. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు పెద్దవాళ్లనీ పిల్లల్నీ వెంటేసుకుని వచ్చిన కుటుంబానికి "సార్, టేబుల్ లేదు" అనే జవాబు వస్తే మాత్రం ఎంత అందమైన స్క్రీనైనా ఆ రోజే ఫోన్లోంచి పోతుంది.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక రెస్టారెంటును ఊహించుకుందాం. 18 టేబుళ్లు, కింద మామూలు హాలు, పైన ఏసీ హాలు, పక్కన పార్శిల్ కౌంటర్. వారం మధ్యలో పలచగా, ఆదివారం మధ్యాహ్నం కిటకిటలాడుతూ ఉంటుంది. ఇది హైదరాబాదులోనైనా, విజయవాడలోనైనా, వరంగల్‌లోనైనా ఉండొచ్చు. యాప్ మీరే రాసినా, వేరేవాళ్లతో రాయించినా కింది అడుగులు పనికొస్తాయి.

1. ముందు హాల్లో నిలబడి చూడండి

ఓనరు అనుమతి తీసుకుని ఒక ఆదివారం మధ్యాహ్నం, ఒక మామూలు రోజు రాత్రి గల్లా పక్కన నిలబడండి. మాట్లాడటం తగ్గించి రాసుకోండి. ఇద్దరు కూర్చున్న టేబుల్ ఎంతసేపటికి ఖాళీ అయింది? ఆరుగురు కూర్చున్నది? లేచాక తుడిచి, గ్లాసులు పెట్టి, తర్వాతివాళ్లను కూర్చోబెట్టడానికి ఎన్ని నిమిషాలు పట్టింది? పదిమంది వస్తే ఏయే టేబుళ్లు కలుపుతున్నారు? కలపడానికి వీల్లేనివి, గోడకు బిగించిన సోఫా టేబుళ్లు ఏవి?

ఇప్పటిదాకా బుకింగులు ఎలా తీసుకుంటున్నారో కూడా చూడండి. సాధారణంగా కౌంటరు దగ్గర ఒక నోటు పుస్తకం ఉంటుంది. అందులో పేరు, ఎంతమంది, ఎన్ని గంటలకు, ఒక ఫోన్ నంబరు. ఆ పుస్తకాన్ని తేలిగ్గా తీసుకోకండి. మీరు కట్టబోయే డేటాబేసు తొలిరూపం అదే. అందులో కొట్టివేతలు ఎక్కడున్నాయి, పేరు పక్కన చిన్నగా రాసిన "కేకు తెస్తారు", "కింద హాలే కావాలి" లాంటివి ఏమున్నాయి అన్నది చూస్తే ఏ వివరాలు నిజంగా అవసరమో తెలిసిపోతుంది. అందులో లేని వివరం మీ యాప్ అడుగుతోందంటే, ఎందుకు అడుగుతోందో మీ దగ్గర సమాధానం ఉండాలి.

ఇక అసలు మనిషి కెప్టెన్. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో నిర్ణయించేది ఆయనే. ఏ టేబుల్ వాళ్లు ఐస్‌క్రీమ్ దాకా వచ్చారో, ఎవరు బిల్లు కోసం చూస్తున్నారో ఆయనకు చూపుతోనే తెలుస్తుంది. మీ యాప్ ఆయన పని తగ్గిస్తే బతుకుతుంది. ఆయనకు ఇంకో పని పెడితే మొదటి రద్దీలోనే దాన్ని పక్కన పడేస్తారు, అలా పడేయడం న్యాయమే కూడా.

2. నియమాలు కాగితం మీద తేల్చండి

స్క్రీన్లకు ముందు ఓనరుతో కూర్చుని కొన్ని ప్రశ్నలకు జవాబులు రాయించుకోండి. మొదటిది, యాప్‌కు ఎన్ని టేబుళ్లు ఇస్తారు? ఆదివారానికి 18లో 18 ఇవ్వడం తప్పు. బుక్ చేయకుండా నేరుగా వచ్చేవాళ్లే మన రెస్టారెంట్లకు ఆధారం. ఖాళీ టేబుళ్ల మీద రిజర్వ్‌డ్ బోర్డులు చూస్తూ వాళ్లు బయట నిలబడితే ఇంకోసారి రారు. మొదట ఆరో ఏడో ఇచ్చి, నమ్మకం కుదిరాక పెంచుకోవచ్చు. మామూలు రోజుల్లో ఎక్కువ ఇవ్వొచ్చు.

రెండోది, ఒక బుకింగ్‌కు ఎంత సమయం? ఇక్కడే మీరు హాల్లో రాసుకున్న అంకెలు పనికొస్తాయి. నలుగురి దాకా గంటన్నర, అంతకు మించితే రెండు గంటలు అని మొదలుపెట్టి, మీ లెక్కను బట్టి సవరించండి. టేబుల్ సర్దే పది నిమిషాలను కూడా అందులో కలపండి. మూడోది, ఆలస్యమైతే ఎంతసేపు ఆగాలి? పదిహేను నిమిషాలు సబబు. ఆ గడువు దాటగానే యాప్ తనంతట తాను టేబుల్ వదిలేయకూడదు. కెప్టెన్‌కు ఒక గుర్తు చూపించాలి, ఆయన ఫోన్ చేసి కనుక్కుని నిర్ణయిస్తారు. ట్రాఫిక్‌లో ఉన్నామని చెప్పిన కుటుంబాన్ని యంత్రం రద్దు చేయడం మర్యాద కాదు.

నాలుగోది అడ్వాన్స్. బుక్ చేసి రానివాళ్ల వల్ల రెస్టారెంటుకు నష్టం నిజమే. అలాగని ఇద్దరికి మంగళవారం రాత్రి టేబుల్ కోసం కూడా డబ్బు అడిగితే బుక్ చేసేవాళ్లే ఉండరు. నా సలహా: ఎనిమిది మందికి మించినప్పుడు, ఆదివారం మధ్యాహ్నానికి, డిసెంబరు 31 రాత్రికి మాత్రమే మనిషికి కొంత చొప్పున అడ్వాన్స్ తీసుకోండి. అది మొత్తం బిల్లులో తగ్గాలి. ఎప్పటిలోగా రద్దు చేసుకుంటే పూర్తిగా తిరిగొస్తుందో కట్టే బటన్‌కు పైనే ఒక్క వాక్యంలో చెప్పాలి. "షరతులు వర్తిస్తాయి" అని లింకు పెట్టి వదిలేస్తే గొడవ కౌంటరు దగ్గర మొదలవుతుంది.

ఈ నియమాలు రోజును బట్టి మారతాయి. రంజాన్ నెలలో సాయంత్రాలు హలీం కోసం వచ్చే రద్దీ వేరు. కార్తీక మాసంలో శాకాహార రెస్టారెంట్లకు గిరాకీ పెరిగి, మాంసాహారం పెట్టేచోట తగ్గుతుంది. ఇవి చాంద్రమానం నెలలు కాబట్టి ఏటా తేదీలు మారతాయి. అందుకని క్యాలెండరును కోడ్‌లో బిగించకండి. ఏ రోజుకు ఎన్ని టేబుళ్లు, ఎంత అడ్వాన్స్ అన్నది ఓనరు తన ఫోన్లోనే మార్చుకోగలగాలి. ప్రతి పండక్కి మీకు ఫోన్ చేయాల్సి వస్తే ఆయనకూ విసుగు, మీకూ విసుగు.

3. మొదట గీయాల్సిన స్క్రీన్ కెప్టెన్‌ది

చాలా బుకింగ్ యాప్‌ల కష్టాలు ఇక్కడే పుడతాయి, కాబట్టి దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి. కెప్టెన్ చేతిలో ఒక ఫోనో, కౌంటరు మీద ఒక ట్యాబ్లెట్టో ఉంటుంది. దానిమీద 18 గళ్లు, ప్రతి గడిలో టేబుల్ నంబరు, ఎంతమంది పడతారు, ఇప్పుడు ఖాళీయా, నిండిందా, ఎన్నింటికి ఎవరి బుకింగ్ ఉంది. అంతే చాలు. పక్కన రాబోయే రెండు గంటల బుకింగుల జాబితా, సమయం వరుసలో. పేరు నొక్కితే "వచ్చారు", "ఫోన్ చేయి", "టేబుల్ మార్చు".

ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైనది నేరుగా వచ్చినవాళ్లను ఎక్కించడం. ఖాళీ గడిని ఒకసారి నొక్కితే అది నిండినట్టు మారాలి. పేరు వద్దు, నంబరు వద్దు, ఎంతమందో కూడా వద్దు. ఈ పనికి రెండు నొక్కుల కన్నా ఎక్కువ పడితే రద్దీలో ఎవరూ ఎక్కించరు. ఎక్కించకపోతే మనుషులు కూర్చుని తింటున్న టేబుల్‌నే యాప్ ఇంకొకరికి ఇచ్చేస్తుంది. మొదట చెప్పుకున్న మాట తప్పేది చాలావరకు ఈ ఒక్కచోటే.

నెట్ పోతే ఏమవుతుంది? ఆ రోజు బుకింగులన్నీ ట్యాబ్లెట్‌లో ముందే నిల్వ ఉండాలి, "నెట్ లేదు, 12:40 నాటి జాబితా" అని పైన స్పష్టంగా కనిపించాలి. నెట్ తిరిగొచ్చే దాకా ఆ గంటలో కొత్త బుకింగులు తీసుకోకపోవడం మంచిది. యాప్ నడిపే సర్వరు కంప్యూటరుకు ట్యాబ్లెట్ నుంచి కొన్ని నిమిషాలుగా పలుకు లేకపోతే, దగ్గరలోని స్లాట్లను (బుకింగ్ సమయాలను) తనే ఆపేసేలా రాయించండి.

భాష సంగతి కూడా ఇక్కడే చూడాలి. మన నగరాల్లో చాలా రెస్టారెంట్లలో వడ్డించేవాళ్లు ఒడిశా, బెంగాల్, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. సిబ్బంది స్క్రీన్ తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో మార్చుకునేలా ఉండాలి. రంగు, అంకె, గుర్తు చూసే చాలావరకు పని నడవాలి. రంగు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియనివాళ్లు ఉంటారు. నిండిన గడి మీద ఒక గుర్తు కూడా వేయండి.

4. ఇప్పుడు వచ్చేవాళ్ల స్క్రీన్లు

ఎంతమంది, ఏ రోజు, ఎన్నింటికి. ఈ మూడూ మొదటి స్క్రీన్‌లోనే, ఒకే చోట. ఖాళీ ఉన్న సమయాలు బటన్ల లాగా కనిపించాలి. అడిగిన సమయం నిండిపోతే "లేదు" అని ఆగిపోకుండా "8:00 నిండిపోయింది, 7:30కీ 9:15కీ ఉంది" అని చూపించండి. ఆ తర్వాతే పేరు, ఫోన్ నంబరు, ఓటీపీ. యాప్ తెరవగానే ఓటీపీ అడిగితే, టేబుల్ ఉందో లేదో తెలియకముందే నంబరు ఇవ్వడానికి చాలామంది వెనకాడతారు.

మనవాళ్లతో వెళ్తే లెక్క కచ్చితంగా ఉండదు. ఆరుగురం అనుకుంటే దారిలో బావగారి కుటుంబం కలుస్తుంది. కాబట్టి బుకింగ్ అయ్యాక కూడా మనుషుల సంఖ్య మార్చుకునే వీలు ఉండాలి. ఒకరు పెరిగితే అదే టేబుల్‌కు కుర్చీ వేస్తారు, ముగ్గురు పెరిగితే కెప్టెన్ ఒప్పుకోవాలి. చిన్నపిల్లలు ఎంతమంది అన్నది విడిగా అడగండి, పిల్లల కుర్చీ సిద్ధంగా పెట్టడానికి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల కోసం "మెట్లు ఎక్కలేరు" అనే ఒక చిన్న ఎంపిక పెడితే పైహాలు టేబుల్ ఇవ్వకుండా ఉంటారు. లిఫ్ట్ లేకపోతే లేదని ముందే చెప్పండి. ఆఫర్ల బ్యానరు పెట్టే జాగాలో ఈ సమాచారం పెట్టండి, బుక్ చేసేవాళ్లకు ఎక్కువ మేలు.

బటన్ల మీద జనం నోట్లో ఉన్న మాటలే రాయండి: టేబుల్ బుక్ చేయండి, క్యాన్సిల్ చేయండి, బిల్లు కట్టండి. బటన్ సైజు ఆండ్రాయిడ్‌లో కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్ స్క్రీన్ కొలత), ఐఫోన్‌లో 44 పాయింట్లు ఉండాలని గూగుల్, యాపిల్ సూచనలు చెబుతాయి. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కి 1 నిష్పత్తిలో ఉండాలి. బిల్లు కట్టే వేళకు రెస్టారెంటు దీపాలు మసకగా ఉంటాయి కాబట్టి ఈ చివరిదాన్ని తప్పక పాటించండి. లేత బూడిదరంగు అంకెలు అక్కడ కనబడవు.

తెలుగు అక్షరాల విషయంలో ఒక జాగ్రత్త. ఇంగ్లీషుకు సరిపోయిన వరుస ఎత్తులో తెలుగు పట్టదు. గుడి, ఏత్వం పైకి పోతాయి, వత్తులు కిందికి దిగుతాయి. ఇంగ్లీషు కొలతలతో చేసిన బటన్‌లో "స్త్రీ", "లక్ష్మీ", "రాష్ట్రం" లాంటి మాటలు రాసి చూడండి, వత్తు తెగిపోతుంటే వరుస ఎత్తు పెంచాలి. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి ఖతులు (ఫాంట్లు) ఉచితంగా దొరుకుతాయి, చిన్న సైజులోనూ చదవడానికి బాగుంటాయి. తెలుగు వాక్యం ఇంగ్లీషుకన్నా పొడుగవుతుంది కాబట్టి, మొదట తెలుగులోనే స్క్రీన్ గీసి తర్వాత ఇంగ్లీషు పెట్టుకోండి. ఇంగ్లీషుతో మొదలుపెట్టి తెలుగుకు వస్తే మాటలు పట్టక ప్రతిచోటా మూడు చుక్కలే మిగులుతాయి.

5. ఒకే టేబుల్ ఇద్దరికి పోకుండా

ఆదివారం ఒంటిగంట స్లాట్‌లో ఒక్క టేబుల్ మిగిలింది. ఇద్దరు ఒకే క్షణంలో నొక్కారు. ఇద్దరి ఫోన్లలోనూ "ఖాళీ" అనే కనిపిస్తోంది. ఇద్దరికీ ఖరారైందని చెప్పేస్తే పంచాయితీ హాల్లో జరుగుతుంది. దీన్ని ఆపాల్సింది ఫోన్లో నడిచే కోడ్ కాదు, డేటాబేసు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు వాడుతుంటే ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ అనే సదుపాయం ఉంది: ఒకే టేబుల్‌కు సమయాలు ఒకదాని మీద ఒకటి పడే రెండు బుకింగులను అది రానివ్వదు. ఎంతమంది ఒకేసారి నొక్కినా ఒకరికే దక్కుతుంది, రెండోవారికి వెంటనే వేరే సమయం చూపించొచ్చు. సమయాన్ని నిల్వ చేసేటప్పుడు మొదలు లెక్కలోకి వచ్చేలా, చివర రాకుండా పెట్టండి. అప్పుడు 7:30 నుంచి 9:00 వరకు ఒకరికి, 9:00 నుంచి ఇంకొకరికి ఇవ్వడం తప్పుగా కనిపించదు.

అడ్వాన్స్ కట్టాల్సిన బుకింగ్ అయితే డబ్బు కట్టేలోగా టేబుల్‌ను పట్టి ఉంచాలి. ఎనిమిది, పది నిమిషాలు చాలు. ఆ సమయం తగ్గుతూ స్క్రీన్ మీద కనిపించాలి. బుకింగ్‌కు ఉండే దశలను ముందే పేర్లు పెట్టి రాసుకోండి: పట్టి ఉంచినది, ఖరారు, వచ్చారు, వెళ్లిపోయారు, రాలేదు, రద్దు. ఏ దశ నుంచి ఏ దశకు వెళ్లొచ్చో కాగితం మీద బాణాలు గీయండి. "రద్దు" నుంచి "వచ్చారు"కి బాణం ఉండకూడదు, కానీ "రాలేదు" నుంచి "వచ్చారు"కి ఉండాలి. ఆలస్యంగా వచ్చినవాళ్లకు టేబుల్ ఇచ్చే దయగల కెప్టెన్లు ఉంటారు.

చిక్కు ఎక్కడంటే, పది నిమిషాల గడువు అయిపోయి టేబుల్ వేరేవాళ్లకు వెళ్లాక మొదటివాళ్ల డబ్బు జమ అయినట్టు కబురొస్తుంది. బ్యాంకు సర్వరు నెమ్మదిగా ఉన్న రోజుల్లో ఇది జరుగుతుంది. అప్పుడేం చేయాలో ఇప్పుడే రాసుకోండి. అదే టేబుల్ ఇంకా ఖాళీగా ఉంటే ఇచ్చేయండి. లేకపోతే అదే సమయానికి అంతేమంది పట్టే వేరే టేబుల్. అదీ లేకపోతే వెంటనే డబ్బు వాపసు పంపి, పంపామని మెసేజ్ పెట్టి, దగ్గరి సమయాలు చూపండి. ఈ మూడూ మనిషి చేయి పెట్టకుండా జరగాలి.

6. డబ్బు

2016లో ఎన్‌పీసీఐ (జాతీయ చెల్లింపుల సంస్థ) యూపీఐ తెచ్చినప్పటినుంచి టీ కొట్టు దాకా చెల్లింపు అలవాటే మారిపోయింది. కాబట్టి మీ యాప్‌లో మొదట కనిపించాల్సింది యూపీఐ. కట్టే బటన్ నొక్కగానే ఫోన్లో ఉన్న ఫోన్‌పే, గూగుల్ పే లాంటివి నేరుగా తెరుచుకునే పద్ధతి వాడండి. యూపీఐ ఐడీ టైపు చేయించే పద్ధతిలో తప్పులు ఎక్కువ. 2020 జనవరి నుంచి బ్యాంకు ఖాతాలోంచి నేరుగా చేసే యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారికి ఎండీఆర్ (చెల్లింపు మీద వ్యాపారి నుంచి వసూలుచేసే రుసుము) లేదు. అయినా పేమెంట్ గేట్‌వే కంపెనీ (మీ యాప్‌కూ బ్యాంకులకూ మధ్య చెల్లింపు నడిపేది) తన సేవకు విడిగా రుసుము అడగవచ్చు, ఒప్పందంలో అది చూసుకోండి. కార్డు వివరాలు మాత్రం మీరు తాకవద్దు. 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులు కార్డు నంబరు దాచుకోకూడదని ఆర్‌బీఐ నిబంధన ఉంది. కార్డు నంబరుకు బదులు వాడే టోకెన్ల రూపంలో గేట్‌వే ఆ పని చూసుకుంటుంది. ఐఫోన్ యాప్ గురించి భయపడేవాళ్లకు ఒక మాట: హాల్లో కూర్చుని తినే భోజనం లాంటి బయటి సేవలకు యాపిల్ సొంత చెల్లింపు పద్ధతి వాడనక్కర్లేదు, కమీషనూ ఉండదు.

చెల్లింపు దారి ఇలా ఉండాలి. ఎంత కట్టాలో మీ సర్వరు లెక్కగట్టి గేట్‌వేలో ఆర్డరు తెరుస్తుంది. ఫోన్ నుంచి వచ్చిన మొత్తాన్ని నమ్మకూడదు, దాన్ని మార్చి పంపడం కష్టమేమీ కాదు. మొత్తాలన్నీ పైసల్లో, పూర్ణసంఖ్యలుగా నిల్వ చేయండి. దశాంశాలతో కూడికలు చేస్తే నెలాఖరున లెక్క కలవదు. కట్టాక ఫోన్లోని యాప్ "సక్సెస్" అన్నా బుకింగ్ ఖరారు చేయొద్దు. గేట్‌వే నుంచి మీ సర్వరుకు నేరుగా వచ్చే కబురు, అంటే వెబ్‌హుక్, దాని సంతకం (గేట్‌వే పంపిందేనని చూపే గుర్తు) సరిచూశాకే ఖరారు. అదే కబురు రెండుసార్లు రావచ్చు, కాబట్టి ఒకే చెల్లింపు నంబరును రెండోసారి లెక్కలోకి తీసుకోకుండా జాగ్రత్తపడండి. కబురే రాకపోతే నిమిషానికోసారి మీ సర్వరే గేట్‌వేను అడిగి తెలుసుకోవాలి.

ఈ మధ్యలో ఉండే ఒకటి రెండు నిమిషాలు మనిషికి ఎంత ఆందోళనో డిజైన్ చేసేవాళ్లు మర్చిపోకూడదు. బ్యాంకు నుంచి డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది, యాప్‌లో మాత్రం చక్రం తిరుగుతోంది. ఆ స్క్రీన్ మీద తిరిగే చక్రం ఒక్కటే ఉంచితే ఇంకోసారి కడతారు. అక్కడ స్పష్టంగా రాయండి: "మీ బ్యాంకు నుంచి సమాచారం కోసం చూస్తున్నాం. దయచేసి మళ్లీ కట్టవద్దు. మీ టేబుల్ పట్టి ఉంచాం. యాప్ మూసేసినా ఫర్వాలేదు, మెసేజ్ పంపుతాం." నాలుగు వాక్యాలు, నాలుగూ నిజం కావాలి. చెల్లింపు విఫలమై డబ్బు కట్ అయితే 2019లో ఆర్‌బీఐ పెట్టిన నిబంధన ప్రకారం వ్యాపారికి చేరని యూపీఐ చెల్లింపు 5 రోజుల్లోపు తనంతట తాను వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. ఈ సంగతి, లావాదేవీ నంబరు విఫలమైన స్క్రీన్ మీదే చూపండి. చాలామందికి ఈ హక్కు ఉందని తెలియదు.

తిన్నాక కట్టే బిల్లు వేరే కథ. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో మీ యాప్ కలిస్తే బిల్లు అంకె తనే వస్తుంది. కలవకపోతే కౌంటరులో బిల్లు నంబరు, మొత్తం ఎక్కించి, ఆ మొత్తంతోనే క్యూఆర్ పుట్టించాలి. కట్టేవాళ్లు అంకె టైపు చేయాల్సిన పని పెట్టొద్దు. కట్టిన అడ్వాన్స్ బిల్లులో విడి వరుసగా తగ్గినట్టు కనిపించాలి. ఆఫీసు స్నేహితులు పంచుకుని కట్టేందుకు "సమానంగా పంచు" ఒక్కటి ఇస్తే చాలు. ఎవరేం తిన్నారో లెక్కగట్టే స్క్రీన్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ హాల్లో ఎవరూ అంతసేపు కూర్చోరు.

ఇక సిబ్బందికి డబ్బు వచ్చినట్టు ఎలా తెలియాలి? కొట్టుల్లో సౌండ్‌బాక్స్ తెలుగులో పలికే మాటకు అందరూ అలవాటుపడ్డారు. కౌంటరు ట్యాబ్లెట్ కూడా అలాగే టేబుల్ నంబరు, మొత్తం గట్టిగా చెప్పాలి. కట్టినవాళ్ల ఫోన్లో స్క్రీన్‌షాట్ చూసి పంపేయడం వద్దని సిబ్బందికి చెప్పండి. నకిలీ స్క్రీన్‌షాట్లు తయారుచేయడం తేలిక, ఆ నష్టం చివరికి వడ్డించేవాళ్ల జీతంలోంచి కోస్తే అది అన్యాయం.

బిల్లు వరుసల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. మామూలు రెస్టారెంటులో జీఎస్టీ 5 శాతం, సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. మద్యం జీఎస్టీలోకి రాదు, దానిపై రాష్ట్ర వ్యాట్ ఉంటుంది కాబట్టి బార్ ఉన్నచోట పన్ను లెక్క రెండుగా విడిపోవాలి. సర్వీస్ ఛార్జీని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. టిప్ పెట్టాలనుకుంటే పెట్టండి, కానీ ముందే ఏ మొత్తం ఎంచి ఉంచొద్దు. అదే సంస్థ 2023 నవంబరులో 13 రకాల మాయ పద్ధతులను నిషేధించింది. అందులో మన పనికి దగ్గరివి చూడండి: లేని తొందర పుట్టించడం, అంటే పది టేబుళ్లున్నా "ఇంకా ఒక్కటే ఉంది" అనడం, అడగకుండా విరాళమో ఇంకేదో బిల్లులో కలపడం, చివరి స్క్రీన్ దాకా దాచి అప్పుడు "కన్వీనియన్స్ ఫీజు" చూపించడం. ఫీజు తీసుకుంటే మొదటి స్క్రీన్‌లోనే చెప్పండి.

ఒక్క రెస్టారెంటుకు కాకుండా చాలా రెస్టారెంట్లకు కలిపి యాప్ పెడితే ఇంకో రెండు విషయాలు. వాళ్ల డబ్బు మీ ఖాతాలోకి తెచ్చుకుని తర్వాత పంచితే మీరు పేమెంట్ అగ్రిగేటర్ పని చేస్తున్నట్టు; దానికి ఆర్‌బీఐ అనుమతి కావాలి. అనుమతి ఉన్న గేట్‌వే ద్వారానే ఎవరి వాటా వాళ్ల ఖాతాకు నేరుగా వెళ్లే ఏర్పాటు చేసుకోండి. అలాగే 2022 జనవరి నుంచి ఈ-కామర్స్ వేదికల ద్వారా అందే రెస్టారెంటు సేవలకు జీఎస్టీ కట్టే బాధ్యత వేదిక మీద పడింది. మీ యాప్ పద్ధతికి అది ఎలా వర్తిస్తుందో కోడ్ రాయకముందే చార్టర్డ్ అకౌంటెంట్‌ను అడగండి. తర్వాత అడిగితే బిల్లు నిర్మాణమంతా మార్చాల్సి వస్తుంది.

7. మెసేజ్‌లు, వివరాలు

ఎస్‌ఎంఎస్ పంపాలంటే టెలికాం కంపెనీల డీఎల్‌టీ వేదికలో (వ్యాపార మెసేజ్‌లు పంపేవాళ్లను నమోదు చేసే చోటు) సంస్థ పేరు, పంపే పేరు, మెసేజ్ నమూనా అన్నీ నమోదు చేయించాలి. తెలుగు మెసేజ్‌కు నమూనా విడిగా నమోదవుతుంది. దీనికి రోజులు పడుతుంది, కాబట్టి యాప్ సగంలో ఉండగానే మొదలుపెట్టండి. బుకింగ్ అయినప్పుడు ఒకటి, వచ్చే రోజు రెండు మూడు గంటల ముందు ఒకటి చాలు. రెండోదాంట్లో "రాలేకపోతే ఇక్కడ నొక్కండి" అని లింకు పెట్టండి. చాలామంది రానిది పొగరుతో కాదు, రద్దు చేయడం ఎలాగో తెలియక, ఫోన్ చేసి చెప్పడానికి మొహమాటపడి. ఆ లింకు అడ్వాన్స్ కన్నా ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

వ్యక్తిగత వివరాల రక్షణకు 2023లో చట్టం వచ్చింది, 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. ఏ వివరం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషల్లో చదువుకునే వీలు ఇవ్వాలని ఆ చట్టం అంటుంది. అందులో తెలుగూ ఉంది. కాబట్టి లాయరు రాసిన ఇంగ్లీషు పేజీ ఒక్కటే పెట్టి ఊరుకోకండి. పేరు, నంబరు చాలు. పుట్టినతేదీ, ఫోన్లోని కాంటాక్టులు మీకు అక్కర్లేదు. ఫోన్ నంబరు సిబ్బంది స్క్రీన్ మీద పూర్తిగా కనిపించనక్కర్లేదు, "ఫోన్ చేయి" బటన్ ఉంటే చాలు. ఆడవాళ్లు తమ నంబరు ఇవ్వడానికి ఎందుకు జంకుతారో అందరికీ తెలుసు; ఆ భయం తీర్చడం మీ బాధ్యత.

8. పరీక్ష, తర్వాత విడుదల

కోడ్ రాయకముందే స్క్రీన్లను కాగితం మీదో ఫిగ్మాలోనో ఐదారుగురికి ఇవ్వండి. అందులో ఇద్దరు అరవై దాటినవాళ్లు ఉండాలి, ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుని వాడేవాళ్లు. "వచ్చే ఆదివారం ఏడుగురికి బుక్ చేయండి" అని చెప్పి మీరు నోరు మెదపకుండా చూడండి. వాళ్ల వేలు ఎక్కడ ఆగిందో అక్కడ డిజైన్ మార్చాలి.

యాప్ తయారయ్యాక తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లో ఈ పరీక్షలు చేయండి. కట్టే మధ్యలో యాప్ మూసేయండి. పిన్ కొట్టిన వెంటనే నెట్ ఆపేయండి. కట్టేటప్పుడు ఇంకో ఫోన్ నుంచి కాల్ చేయండి. రెండు ఫోన్లతో ఒకే చివరి టేబుల్ కోసం పోటీ పడండి. పట్టి ఉంచే గడువు దాటాక డబ్బు జమయ్యేలా చేసి చూడండి. డిసెంబరు 31 రాత్రి 11:30కి బుక్ చేసి, తేదీ మారాక జాబితాలో ఎక్కడ కనిపిస్తుందో చూడండి. వీటిలో ఒక్కటి తప్పినా విడుదల వద్దు.

ప్లే స్టోరులో 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతా అయితే కనీసం 12 మందితో 14 రోజులు వరుసగా క్లోజ్డ్ టెస్టింగ్ (అందరికీ విడుదల చేయకముందు ఎంచుకున్నవాళ్లతో పరీక్ష) చేయాలి. ఆ 12 మందిలో రెస్టారెంటు సిబ్బందినీ రోజువారీ వచ్చేవాళ్లనూ పెట్టుకుంటే ఆ పద్నాలుగు రోజులూ నిజమైన పరీక్ష అవుతాయి. ఇక్కడ ఓనరుకు నిజాయితీగా ఒక మాట చెప్పండి: ఒక్క రెస్టారెంటుకే అయితే వచ్చేవాళ్ల వైపు వెబ్ పేజీ సరిపోవచ్చు. నెలకోసారి వచ్చే చోటు కోసం యాప్ వేసుకునేవాళ్లు తక్కువ. టేబుల్ మీది క్యూఆర్, గూగుల్ మ్యాప్స్‌లోని లింకు నొక్కితే నేరుగా తెరుచుకునే పేజీకి ఎక్కువమంది వస్తారు. సిబ్బంది ట్యాబ్లెట్‌లో మాత్రం యాపే ఉండాలి, నెట్ లేనప్పుడూ జాబితా కావాలి కనుక.

విడుదల మంగళ, బుధ, గురువారాల రాత్రులతో మొదలుపెట్టండి. మొదటి ఆదివారం దాకా కనీసం రెండు వారాలు ఆగండి, నోటు పుస్తకం కూడా పక్కన నడవనివ్వండి. రోజూ రాత్రి గల్లా మూసేటప్పుడు మూడు లెక్కలు పక్కపక్కన పెట్టండి: యాప్‌లో "వచ్చారు" అని ఉన్నవి, పుస్తకంలో టిక్కు పెట్టినవి, గేట్‌వే చూపించిన చెల్లింపులు. మర్నాడు బ్యాంకులో పడిన మొత్తంతో కూడా సరిచూడండి. తేడా వస్తే ఆ రాత్రే ఎందుకో కనుక్కోండి, వారం ఆగితే ఎవరికీ గుర్తుండదు. టేబుల్ సిద్ధంగా లేక నిలబడాల్సి వచ్చిన ప్రతి కుటుంబాన్నీ కెప్టెన్ ఒక గీత గీసి గుర్తుపెట్టాలి. ఆ గీతలు వరుసగా రెండు ఆదివారాలు లేకుండా పోయాక ఇంకో రెండు టేబుళ్లు యాప్‌కు ఇవ్వండి. రెండో రెస్టారెంటు గురించి ఓనరు స్నేహితులతో మాట్లాడటం ఆ తర్వాతే.